దగ్గు వినపడే దాకా

రెండు వేల ఇరవై మూడు, ఫిబ్రవరి రెండు. కొవ్వొత్తుల పండుగ. ఆ మధ్యాహ్నం నేను తిన్నది మునక్కాడలు వేసి వండిన ఎండురొయ్యల ఇగురు, అడుగు గిన్నెలో గడ్డపెరుగు. రొయ్యలు వాడరేవు నుంచి వచ్చినవి, బాగున్నాయి. కానీ ఆ రోజు గుర్తుండిపోయింది రొయ్యల వల్ల కాదు. ఫెబా మా ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టింది ఆ రోజే.

మా ఆవిడ తెరేజమ్మ పోయినప్పటి నుంచి నాకు మధ్యాహ్నం క్యారేజీ రోడ్డుకి అవతలున్న కాన్వెంటు నుంచి వస్తుంది. కాన్వెంటు పెద్ద మదర్ ఫిలోమినా నా తోడబుట్టిన అక్క. అమ్మ చిన్నప్పుడే పోతే నాకు తల దువ్వి బడికి పంపింది ఆవిడే. నేను కాలేజీలో చేరాక తను మఠంలో చేరింది. చిలకలూరిపేటలో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను, జుట్టు నెరిసింది, అయినా అక్క మాట కాదనడం నాకు చేతకాదు.

ఆ రోజు కారం పట్టించడానికి మిరపకాయలు వేయిస్తున్నాను. తెరేజమ్మ ఉండగా ఆ పనప్పుడు నన్ను పొయ్యి దరిదాపులకి రానిచ్చేది కాదు. నాకు ఉబ్బసం. కాసేపు ఏమరుపాటుగా ఉన్నాను, అంతే, మూకుడు మాడి ఇల్లంతా పొగ. గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని దగ్గుతుండగా ఎవరో లోపలికి వచ్చారు. స్టవ్ కట్టేశారు, కిటికీలు తెరిచారు, మూకుడు పెరట్లోకి పట్టుకుపోయారు. కళ్ళు తెరిచేసరికి కాన్వెంటు క్యారేజీ తెచ్చిన తెల్ల ముసుగు పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ఇంకా మాట పట్టు, అంటే సన్యాస వ్రతం, తీసుకోని నోవిస్ అన్నమాట. ఇరవై ఏళ్ళుంటాయేమో.

"కూర్చోండి సార్. చన్నీళ్ళు తాగబాకండి. వేడినీళ్ళు కాచి తెస్తా."

తెచ్చింది. చిన్నచిన్న గుక్కలుగా తాగించింది. దగ్గు నెమ్మదించింది.

"నీకు ఘాటు తగల్లేదా అమ్మా?"

"ఇదేం ఘాటు సార్." నవ్వింది. "మా అమ్మ వీరమ్మ, చిలకలూరిపేటలో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే కూలి. నన్ను మిరపకాయల బస్తాల మీదే పడుకోబెట్టి పెంచింది. పిల్లలం పందేలు కాసుకునేవాళ్ళం, రంగు పోయిన తాలుకాయలు మంటేసుకుని పొగలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని. నేనే గెలిచేదాన్ని."

తన పేరు ఫెబా అనీ, తమది ప్రొటెస్టెంట్ల ఇల్లనీ, సిస్టర్ల హాస్టల్లో చదువుకున్నాక ఇటు మనసు పోయిందనీ చెప్పింది. కాన్వెంటులో అందరికన్నా పెద్దావిడ ఆగ్నేసమ్మకి ఆఖరి నెలల్లో సేవ చేసింది ఈ పిల్లేనట. ఆగ్నేసమ్మ క్రిస్మస్ ముందు పోయింది, దీపాలు పెట్టే వేళకి.

"సాయంత్రమయ్యేసరికి ఆమెకి దగ్గు తెర వచ్చేది సార్. వేడినీళ్ళు పడితేనే ఆగేది. ఆ గ్లాసు కోసం తలుపు వైపే చూస్తుండేది."

నేను తిన్నాక ఖాళీ క్యారేజీ తీసుకుని ఆమె రోడ్డు దాటుతుంటే కోటేష్ టీ బంకు దగ్గర కుర్రాళ్ళు ఆపారు. అప్పట్లో వాళ్ళంతా ఫోనులో ఏదో ఇంగ్లీషు దయ్యాల సినిమా చూశారు. కొండ మీద పాత మఠం, అందులోకి కొత్తగా వచ్చిన చిన్న సిస్టరు, చీకటి వరండాల్లో తిరిగే ఒక ఆకారం. మా కాన్వెంటు కూడా తెల్లదొరలు కట్టిందే. రాతి గోడలు, పొడుగాటి ఆకుపచ్చ కిటికీలు, పైఅంతస్తు మొత్తం తాళాలు. వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

"సిస్టర్, మీరు కూడా రాత్రుళ్ళు గోడలెక్కి నడుస్తారా?" అన్నాడు కోటేష్.

"ఎక్కుతాం అన్నా. పైనుంచి చూస్తే నీ టీ ఎంత పల్చగా ఉందో తెలిసిపోద్ది."

బంకు మొత్తం నవ్వింది. కిటికీలోంచి నేనూ నవ్వాను. ఆ నెల నేను బాగా నవ్విన రోజు అదొక్కటే.

*

తర్వాతి వారం అక్క కబురు పెట్టింది. కాన్వెంటు ముందు ఆవరణ అంతా కల్లం చేసి మిరపకాయలు ఆరబోశారు. అది కాన్వెంటు పొలంలో పండిన పంటే. గేటు నుంచి మెట్ల దాకా ఎరుపు తప్ప నేల కనపడదు. సిస్టర్లు చెప్పులు విడిచి, కాళ్ళతో కాయ తిరగేస్తూ నడుస్తున్నారు. తెల్లటి అంగీల అంచులు గులాబీ రంగుకి తిరిగాయి.

అక్క నన్ను నేరుగా ప్రార్థనాలయంలోకి తీసుకుపోయింది. సత్ప్రసాదం ఉంచే దివ్యమందసం ముందు ఎర్ర గాజు బుడ్డీలో నిత్యదీపం వెలుగుతోంది.

"ఇది ఆరిపోతోంది శౌరీ."

"ఎప్పుడు?"

"సంజె వేళ. ఆగ్నేసు పోయిన వేళకి. రోజూ."

ఆవిడ ముఖం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. నూనె మార్చాను. వత్తి మార్చాను. బుడ్డీ కడిగి ఎండలో ఆరబెట్టాను. కిటికీలన్నీ మూయించి, తలుపు సందులో గోనెపట్టా దూర్చాను. తర్వాత సిస్టర్లతో పాటు బల్ల మీద కూర్చుని దీపాన్నే చూస్తూ ఉన్నాను.

గాలికి ఆరే దీపం ముందు వణుకుతుంది. ఇది వణకలేదు. ఎవరో రెండు వేళ్ళతో వత్తిని నలిపినట్టు ముడుచుకుని, ఆరింది.

అప్పుడు వినపడింది దగ్గు. వరండా చివర నుంచి. లోతుగా, తడిగా, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ మొదలై. ముసలి మనిషి దగ్గు.

నా పక్కనున్న లూర్దమ్మ సిలువ గుర్తు వేసుకుంది. లూర్దమ్మ ముసలి సిస్టరు, వంటశాల పెత్తనం ఆవిడదే. "ఆగ్నేసమ్మ," అని నా చెవిలో అంది. "ఆమె గదిలోంచే."

అందరం వెళ్ళాం. సామాన్ల గదిని ఆనుకుని ఉంటుంది ఆ గది. అక్క తాళం తీసింది. ఇనుప మంచం, చుట్టి పెట్టిన పరుపు, గోడకి సిలువ. ఇంకేమీ లేదు.

"మీ కెమిస్ట్రీలో దీన్నేమంటార్రా?" అంది అక్క.

నేను మంచం కిందకి వంగి చూశాను. అప్పుడావిడ మెల్లగా అంది, "నాయనమ్మ చేసేది గుర్తుందా?"

గుర్తుంది. మేం క్రైస్తవులం, దిష్టి అనే మాట పైకి అనం. కానీ ఈ మిరప నేల మీద పుట్టిన వాళ్ళం. పిల్లాడు ఊరికే ఏడుస్తుంటే నాయనమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటుకి దగ్గొస్తే ఏమీ లేదు, భయం లేదు. కాయలు కాలినా ఘాటు తగలకపోతే మాత్రం పెద్దవాళ్ళ ముఖాలు మారిపోయేవి. ఏదో పట్టుకుని ఉందని అర్థం.

అక్క సామాన్ల గదిలో సాంబ్రాణి కుంపటి పెట్టించింది. సిస్టర్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. వాళ్ళ మీద తిప్పిన కాయలు వాళ్ళ ముందే నిప్పుల్లో వేసి తలుపు దగ్గరికి లాగుతారు. బయట అక్క మంగళవార్త జపం ఒకటి చెప్పుకునేలోపు లోపల దగ్గు వినపడాలి. లూర్దమ్మ వెళ్ళింది, దగ్గింది. మిగతావాళ్ళు వెళ్ళారు, దగ్గి, ముక్కులు తుడుచుకుంటూ బయటపడ్డారు. ఒకామె నవ్వింది కూడా.

ఆఖర్న ఫెబా వెళ్ళింది. జపం పూర్తయింది. అక్క ఇంకొకటి చెప్పింది. ఇంకొకటి. లోపల చప్పుడు లేదు. తలుపు తీస్తే ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు కూడా తడవలేదు.

"అక్కా, ఈ పిల్లకది అలవాటు," అన్నాను. "పుట్టిన దగ్గర్నుంచి మిరపకాయల మధ్యే పెరిగింది. మొన్న మా ఇంట్లో కూడా..."

"నువ్వు మాట్లాడకు శౌరీ. ఆగ్నేసు ఎవరి చేతుల్లో పోయింది?"

ఫెబాకి దగ్గరగా నిలబడిన సిస్టర్లు మెల్లగా పక్కకి జరిగారు.

*

మర్నాటి నుంచి క్యారేజీ లూర్దమ్మ తెచ్చేది. బూడిద బుధవారం వచ్చింది, తపస్సు కాలం మొదలైంది. క్యారేజీలో చేపలు, మాంసం లేవు. ఆనపకాయ పులుసూ పప్పూ. లూర్దమ్మ గిన్నెలు విప్పుతూ కబుర్లు చెప్పేది. ఫెబాకి కంచం వేరు పెట్టారు. పడక సామాన్ల గదికి మార్చారు. కల్లంలో కాయ తిరగేసే పని ఆమె ఒక్కదానికే అప్పజెప్పారు.

"ఆ గది ముందు గ్లాసుతో వేడినీళ్ళు పెడుతోంది మాస్టారూ. ఆగ్నేసమ్మ గది ముందు. మదర్ గారు చూసి పారబోశారు. చేతబడి అన్నారు."

"మీరేమనుకుంటున్నారు?"

లూర్దమ్మ గిన్నె మూత చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "నేనా? నాకు రాత్రి అయితే దుప్పటి ముసుగు తీయాలంటే భయం. పగలైతే ఆ పిల్లని చూసి జాలి."

టీ బంకు దగ్గర కూడా హాస్యం ఆగిపోయింది. సంజె వేళకి కోటేష్ బల్ల లోపలికి జరిపి, రోడ్డుకి వీపు పెట్టి కూర్చునేవాడు. దగ్గు రోడ్డు దాకా వినపడుతోందని వాడే చెప్పాడు.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం లూర్దమ్మ క్యారేజీ పెట్టి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మట్టల ఆదివారం ముందు శుక్రవారం. మూడు గంటలకి. సిలువ మార్గం ప్రార్థన అయ్యాక," అంది. "సామాన్ల గదిలో పెద్ద కుంపటి నిండా బొగ్గులు. తట్టెడు తాలుకాయలు. గడియ బయట నుంచి వేస్తారు. లోపలున్నది బయటికి వచ్చిందంటే ఆ పిల్లకి దగ్గొస్తుందట. దగ్గు వినపడే దాకా తలుపు తీయొద్దన్నారు. గడియ దగ్గర నిలబడేది నేనే."

మిరపపొగ సంగతి అటుంచండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. ఆ గాలికి వాసన ఉండదు, ఘాటు ఉండదు. తల బరువెక్కుతుంది, నిద్ర వస్తుంది, అంతే. ఆ పిల్ల దగ్గదు. దగ్గకపోతే గడియ తీయరు.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్ళాను.

"బొగ్గు గాలి మనిషిని దగ్గనివ్వదక్కా. నిద్రపుచ్చి చంపుద్ది."

"దగ్గితే తలుపు తీస్తారుగా."

"ఆ పిల్ల దగ్గదు."

"అందుకేగా," అంది అక్క. గొంతులో కోపం లేదు. దానికే నాకు భయం వేసింది. "ఈ దీపం ఇంతమంది మదర్ల చేతుల మీదుగా ఆరకుండా వచ్చింది శౌరీ. నా చేతిలో ఆరింది. రాత్రి ఆ దగ్గు నా తలుపు దాకా వస్తోంది."

"ఫాదర్ గారికి చెప్పావా?"

"చెప్తే బిషప్ గారి దాకా పోద్ది. కాన్వెంటు మూసేస్తారు. నువ్వు ఇంటికి వెళ్ళు."

వెళ్ళలేదు. కల్లంలోకి నడిచాను. ఫెబా ఎండలో ఒంటరిగా కాయ తిరగేస్తోంది. కాయలు గలగలమంటున్నాయి. ముసుగు కింద బుగ్గలు లోపలికి పోయాయి.

"ఇప్పుడే నాతో వచ్చెయ్యి తల్లీ. ఆటో పిలుస్తాను. మీ అమ్మ దగ్గర దింపి వస్తాను."

"పారిపోతే నిజమే అనుకుంటారు సార్. దయ్యం పట్టిన పిల్ల అని. మా అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర పదిమందిలో కూర్చుని పని చేసుకోవాలి కదా."

"పోనీ, ఊరికే దగ్గు. ఒక్కసారి. నాటకానికి."

ఆమె నా వైపు తిరిగింది. చిన్న నవ్వు. "సిలువ ముందు దొంగ దగ్గు దగ్గమంటారా సార్?"

నాకు నవ్వు రాలేదు. ఆమె మళ్ళీ కాయ తిరగేసింది. "నేను దగ్గకపోవడం గురించే అందరికీ దిగులు. దగ్గుతున్న మనిషి గురించి ఎవరూ ఆలోచించరేం?" అంది.

*

శుక్రవారం పొద్దున నేను ఉబ్బసం మందు పీల్చలేదు. కావాలనే. జీవితమంతా నన్ను ఏడిపించిన జబ్బు, ఒక్కరోజన్నా అక్కరకి రాకపోతుందా అనుకున్నాను. నేను చేయవలసింది ఒక్కటే. ఆ గదిలో కూర్చోవడం, దగ్గడం. అక్కకి ఎదురు చెప్పే ధైర్యం లేనివాడికి అంతకన్నా తేలికైన దారి కనపడలేదు.

సిలువ మార్గం ముగిసింది. సిస్టర్లు వరండాలో మోకాళ్ళ మీద ఉన్నారు. సామాన్ల గది తలుపు తెరిచి ఉంది. లోపల బియ్యం బస్తాలు, పాత బల్లలు, మధ్యలో కుంపటి. బొగ్గులు అప్పటికే ఎర్రగా రగులుతున్నాయి. గదికి ఉన్న ఒక్క కిటికీకీ పరుపు అడ్డం పెట్టారు. ఫెబా ఒక బస్తా మీద కూర్చుని జపమాల తిప్పుకుంటోంది.

నేను లోపలికి వెళ్ళి ఆమె పక్క బస్తా మీద కూర్చున్నాను.

"శౌరీ, బయటికి రా," అంది అక్క.

"ఇక్కడే కూర్చుంటానక్కా."

"నీకు పొగ పడదు."

"తెలుసు."

అక్క నన్ను చాలాసేపు చూసింది. లేచి వస్తాననుకుంది. చిన్నప్పటి నుంచి అలాగే వచ్చేవాణ్ణి. నేను లేవలేదు. ఆవిడ తట్ట ఎత్తి కాయలు నిప్పుల్లో గుమ్మరించింది. బయటికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినపడింది.

పొగ మొదట నేల మీద పాకి, తర్వాత లేచింది. నేను నోరు తెరిచి గట్టిగా పీల్చాను.

దగ్గు రాలేదు. గొంతు మూసుకుపోయింది. ఉబ్బసం బాగా ముదిరినప్పుడు దగ్గు రాదని నాకు తెలియదా, తెలుసు. ఆ క్షణం దాకా గుర్తు రాలేదు. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టు, గాలి లోపలికీ రాదు, బయటికీ పోదు. బస్తా మీంచి జారి నేల మీద పడ్డాను. ఫెబా లేచి తలుపు బాదింది.

"మదర్, సార్‌కి ఊపిరాడటం లేదు. తలుపు తీయండి."

బయట ప్రార్థన గొంతులు పెద్దవయ్యాయి. "తీయొద్దు," అక్క గొంతు. "లోపలున్నది మాట్లాడించే మాట అది. దగ్గు వినపడాలి."

ఫెబా నా తల ఎత్తి పట్టుకుంది. తన ముసుగు తీసి నా ముక్కుకి అడ్డం పెట్టింది. కళ్ళ ముందు ఎరుపు పోయి నలుపు కమ్ముతోంది. తెరేజమ్మ గుర్తొచ్చింది. స్టవ్ కట్టెయ్యవేం అని విసుక్కుంటున్నట్టు.

అప్పుడు దగ్గు వినపడింది.

మా వెనక నుంచి. గోడ అవతల నుంచి. లోతుగా, తడిగా, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ. ఫెబా చేతులు నా తల కింద బిగుసుకున్నాయి. ఆమె గోడ వైపు చూస్తోంది.

"దగ్గారు," లూర్దమ్మ కేక. "మదర్, దగ్గారు. నేను విన్నాను." గడియ తీసింది. ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

ఫెబా నన్ను చంకల కింద పట్టి వరండాలోకి లాగింది. ఎవరో నా చొక్కా జేబు వెతికారు. మందు లేదు. లూర్దమ్మ మా ఇంటికి పరిగెత్తింది. మందు పడ్డాక గాలి సన్నగా, ఈల వేస్తూ లోపలికి వచ్చింది. కళ్ళు తెరిచేసరికి నా తల అక్క ఒళ్ళో ఉంది. ఆవిడ నా నుదుటి మీది జుట్టు వెనక్కి తోస్తోంది, బడికి పంపేటప్పుడు తోసినట్టు.

"దగ్గింది నువ్వేనా?" అంది.

అవునన్నట్టు తల ఊపాను.

ఫెబా కాస్త దూరంలో నిలబడి ఉంది. ముసుగు లేని తల, మసి పట్టిన ముఖం. నన్ను చూసింది, తర్వాత ఆగ్నేసమ్మ గది తలుపు వైపు చూసింది.

"దాన్ని మీ ఇంటికి తీసుకుపో," అంది అక్క. పిల్ల వైపు చూడకుండానే అంది.

*

ఫెబా రేకుపెట్టెతో వచ్చింది. వాళ్ళమ్మ వీరమ్మ చిలకలూరిపేట నుంచి బస్సెక్కి వచ్చి, కూతుర్ని తడిమి తడిమి చూసి, కాన్వెంటు గేటు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి, ఇంటికి పోదాం పదమంది. సార్ ఛాతీ కుదుటపడే దాకా ఉంటానంది ఫెబా. తెరేజమ్మ నూలు చీరలు రెండు తీసిచ్చాను. ఒకటి కట్టుకుని, వంటింట్లో డబ్బాలన్నీ దింపి కడిగింది. మర్నాడు పొద్దున లేచేసరికి ఇల్లంతా తాలింపు వాసన. మంచం మీద అలాగే పడుకుని చాలాసేపు ఆ వాసన పీల్చాను. గాలి లోపలికి వస్తోంది, ఇంట్లో ఎవరో గిన్నె చప్పుడు చేస్తున్నారు. ఆ రెండూ ఎంత పెద్ద సంగతులో తెలియడానికి నాకింత వయసు పట్టింది.

ఆ గదిలో విన్నదాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

పాస్కా పండుగకి, అంటే ఈస్టరుకి, కాన్వెంటులో కొత్త నిప్పు రాజేసి, దాంతో నిత్యదీపం వెలిగించారు. లూర్దమ్మ వచ్చి చెప్పింది, పండుగ రోజు ఆరలేదట. సోమవారం కూడా ఆరలేదట. కల్లంలో కాయ బస్తాలకెత్తి లారీలో మిర్చి యార్డుకి పంపించారు. ఆవరణలో మళ్ళీ నేల కనపడింది. కోటేష్ బల్ల బయటికి జరిపాడు.

మంగళవారం చీకటి పడుతుండగా అక్క రోడ్డు దాటి వచ్చింది. తెరేజమ్మ చావు తర్వాత ఆవిడ మా గడప తొక్కడం అదే మొదటిసారి. కాళ్ళకి చెప్పులు లేవు.

"దీపం ఆరింది శౌరీ."

కుర్చీ జరిపాను. కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఫెబాని చూస్తూ అంది, "నువ్వక్కడ లేవు. అయినా ఆరింది. దగ్గూ వినపడింది."

ఆ పిల్ల ఎన్నో మాటలు అనొచ్చు. ఏది అన్నా అక్క తల వంచుకుని పడి ఉండేదే.

"అన్నం తిన్నారా మదర్?" అంది ఫెబా.

పప్పుచారు, గుమ్మడి వడియాలు. అక్క ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. ఫెబా పక్కన కూర్చుని చారు కొంచెం కొంచెంగా వడ్డించింది. సగం తిన్నాక అక్క తలెత్తింది.

"ఆ రోజు గదిలో దగ్గింది నిజంగా నువ్వేనా?"

నేను ఫెబా వైపు చూశాను. తన ప్రాణం కోసం ఒక్క దొంగ దగ్గు దగ్గని పిల్ల. ఆమె వడియాల గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

"నేనే అక్కా. నాకు కాక ఇంకెవరికుంది ఉబ్బసం?"

అక్క ఊపిరి వదిలింది. మిగతా అన్నం తినేసింది. "ఇవాళ ఇక్కడే పడుకుంటాన్రా," అంది, చిన్నపిల్ల అడిగినట్టు. మిగతా సిస్టర్లంతా లూర్దమ్మ గదిలో ఒకచోట పడుకుంటున్నారట. తెరేజమ్మ మంచం మీద దుప్పటి పరిచి ఫెబా ఆవిడని పడుకోబెట్టింది. ముసుగు పిన్నులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. అక్క ఎదురు చెప్పలేదు. కాసేపటికి నిద్ర పట్టినట్టుంది.

వీధి గదిలో నేను కుర్చీలోనే ఉన్నాను. కోటేష్ బంకు కట్టేసి వెళ్ళిపోయాడు. రోడ్డుకి అవతల కాన్వెంటు కిటికీల్లో ఒక్క చోటే లైటు.

అటునుంచి దగ్గు వినపడింది.

మిరప సీజన్‌లో మా ఊళ్ళో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. లోపల అక్క నిద్రలో కదిలింది. ఫెబా వంటింట్లోంచి వచ్చింది. చేతిలో వేడినీళ్ళ స్టీలు గ్లాసు, పైకి ఆవిరి వస్తోంది. వీధి తలుపు తెరిచింది. గ్లాసుని అరుగు మీద, కాన్వెంటుకి ఎదురుగా పెట్టింది. చల్లారకుండా పైన చిన్న పళ్ళెం మూత వేసింది.

కాసేపు నిలబడి విన్నది. తర్వాత అక్క లేవకుండా, చప్పుడు కాకుండా, తలుపు మూసింది.